‘అందింది’ అని సంతకం

పొద్దున ఏడింటికల్లా కత్తెరమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని బడిపిల్లల చొక్కాలకు కాలర్లు వేస్తోంది. బడులు తెరవడానికి పదకొండు రోజులే ఉన్నాయి. కుట్టాల్సినవి ఇంకా నూట అరవై చొక్కాలు. ఆ ఇంటి ముందుగదే ఆమె కొట్టు, అదే ఆమె పడకగది. గుడ్డని ఎంత తిన్నగా కత్తిరిస్తుందో ఎదుటివాళ్ల మాటనీ అంత తిన్నగా కత్తిరిస్తుందని వీధివాళ్లు ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఆమె కూడా అప్పుడప్పుడూ గుర్తు చేసుకోవాల్సి వచ్చేది.

“టీ చల్లారిపోతోంది. మూడుసార్లు పిలిచాను, ఇక పిలవను,” వంటింట్లోంచి వదిన కేకేసింది. ఆ మాట అన్నాక ఆవిడ రోజూ నాలుగోసారి కూడా పిలుస్తుంది.

ఆ నాలుగో పిలుపుకి కత్తెరమ్మ లేవబోతుండగా మేనకోడలు మెట్లమీద నుంచి దూకినంత పని చేస్తూ దిగింది. ఆ పిల్లకి ఇరవై రెండేళ్లు. నీటి శాస్త్రంలో పీజీ చివరి ఏడాది. మాటలొచ్చిన నాటి నుంచి ప్రతిదానికీ “ఎందుకు?” అని అడగడం వల్ల ఇంట్లో ఆమె ‘ఎందుకమ్మ’ అయింది.

“వచ్చింది అత్తా! ఇంటర్న్‌షిప్ వచ్చింది! రెండు దేశాల నుంచీ నలుగురేసి విద్యార్థుల్ని తీసుకుంటే, మన నలుగురిలో నేనొకదాన్ని!”

“ఎక్కడే?”

“ఉమ్మడి నదీ సంఘంలో. ఆరు నెలలు. సైన్స్ చదివినవాళ్లు రాయబారం కూడా నేర్చుకోవాలని పెట్టారు. రెండు ఒడ్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, నది గురించి పోట్లాడుకోకుండా మాట్లాడుకునే చోటు.”

వాకిట్లో పేపరు చదువుతున్న ఎందుకమ్మ తండ్రి తలెత్తాడు. ఆయన కత్తెరమ్మకు అన్న. ముప్పై ఏళ్లు నీటిమట్టం ఆఫీసులో నది ఎత్తు కొలిచి, రెండేళ్ల కిందటే రిటైరయ్యాడు.

“అక్కడ నీ పనేమిటి?” అన్నాడు.

“రెండు దేశాల పాత వరద రికార్డులూ పక్కపక్కన పెట్టి పట్టిక తయారు చెయ్యాలి నాన్నా. ఎవరు ఎప్పుడు హెచ్చరిక పంపారు, ఎవరికి ఎప్పుడు అందింది...”

“వద్దు.”

“ఎందుకు?”

“ఎందుకా? మీ అత్త మొహం చూసి అడుగు ఆ మాట! చెప్పాపెట్టకుండా గేట్లెత్తి మీ మామయ్యని నీళ్లలో కలిపినవాళ్లు వాళ్లు. వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కాగితాలు సర్దుతావా? ఇంటి ఆడపడుచు కన్నీళ్లకి ఆ మాత్రం విలువ లేదా?”

అందరి చూపులూ కత్తెరమ్మ మీదికి తిరిగాయి. ఆమెకు ఇది కొత్త కాదు. ఆమె భర్త లాంచీ నడిపే సరంగు. పద్దెనిమిదేళ్ల కిందట ఒక పట్టపగలు అవతలి దేశం ఆనకట్ట గేట్లు ఎత్తింది. నది మధ్యలో ఉన్న లాంచీ బోల్తా పడి సరంగుతో కలిపి ఏడుగురు పోయారు. అన్న ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు, మిషను కొనిచ్చాడు, ఏ లోటూ చెయ్యలేదు. కానీ ఆ ఇంట్లో ఏ వాదన వచ్చినా చివరికి ఆమె వైధవ్యమే పెద్ద కోర్టు. అక్కడ తీర్పయ్యాక ఇక అప్పీలు లేదు.

ఆ రోజు మాత్రం ఆమెకు ఒళ్లు మండింది.

“నా మొహం నాది అన్నయ్యా. దాన్ని తాళంకప్పలా ఆ పిల్ల గుమ్మానికి వెయ్యకు.”

“నీ కోసమే కదమ్మా...”

“నాకోసమైతే పోనియ్యి.” ఆమె మేనకోడలి వైపు తిరిగింది. “నువ్వు వెళ్లవే. వాళ్లంటే నాకు ఇప్పటికీ కడుపుమంటే. అందుకే వెళ్లమంటున్నా. ఒక్క ముక్క ముందు చెప్పుంటే మీ మామయ్య లాంచీ రేవులో కట్టేసి ఇంటికొచ్చి భోంచేసేవాడు. ఎందుకు చెప్పలేదో వాళ్ల నోటితో విని, వచ్చి నాకు చెప్పు. నీ పేరుకి తగ్గ పని.”

అన్న పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడటం మానేశాడు. ఉప్పు కావాల్సి వచ్చినా భార్యకు చెప్పి, ఆవిడ చేత కూతుర్ని అడిగించేవాడు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గరే కూర్చునేవారు.

“నేనేమన్నా తపాలా పెట్టెనా?” అని విసుక్కుంటూనే వదిన ఆ ఉప్పు రాయబారం నడిపింది.

* * *

ఎందుకమ్మ రోజూ సాయంత్రం ఆఫీసు కబుర్లు మోసుకొచ్చేది. మిషను పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చుని, అత్త కాజాలు కుడుతుంటే తను బొత్తాలు అందిస్తూ చెప్పేది. అవతలి ఒడ్డు విద్యార్థుల్లో తలుపు ఫ్రేముకి రోజూ తల కొట్టుకునే పొడుగాటి కుర్రాడొకడు ఉన్నాడట. ఇవతలి నలుగురి పనీ ఒక మేడం చూస్తుందట. పెద్దవాళ్లు మాత్రం బల్లకి అటూ ఇటూ కూర్చుని ఇరవయ్యేళ్లుగా ఒకటే పాట పాడుతున్నారట: ‘మీ లెక్క తప్పు’, ‘కాదు, మీదే తప్పు’.

“నిజంగానే లెక్కలు కలవడంలేదత్తా. ఒకే రోజు, ఒకే వరద. మనవాళ్లు తొమ్మిది మీటర్లంటారు, వాళ్లు పదకొండు అంటారు. రెండూ అంత జాగ్రత్తగా కొలిచినవే. ఎవరు అబద్ధమాడుతున్నట్టు?”

కత్తెరమ్మ పళ్ల మధ్య సూది తీసి నవ్వింది. “ఏ అంచు నుంచి కొలిచారో అడిగావా?”

“అంటే?”

“చొక్కా పొడుగు నేను మెడ ఎముక నుంచి కొలుస్తాను. పక్కవీధి దర్జీ భుజం నుంచి కొలుస్తాడు. ఒకే మనిషికి రెండు కొలతలొస్తాయి. ఇద్దరం అబద్ధాలకోరులమా?”

ఎందుకమ్మ చేతిలోని బొత్తాలు అలాగే ఉండిపోయాయి. మర్నాడు ఆమె, పొడుగాటి కుర్రాడు కలిసి పాత మాన్యువళ్లు తిరగేశారు. ఇవతలి స్కేలు సున్నా నది అడుగు నుంచి మొదలైంది, అవతలిది సముద్రమట్టం నుంచి. రెండు మీటర్ల తేడా అదే. ఇరవయ్యేళ్ల పోట్లాట అరపూటలో తేలిపోయింది. పెద్దవాళ్లు సంతోషించాల్సింది పోయి, ఇంటర్న్‌లు కనిపెట్టడమేమిటని మొహాలు ముడుచుకున్నారట.

“మా అత్త చెప్పిందని చెప్పాను. దర్జీ అని కూడా చెప్పాను. మరీ ముడుచుకున్నారు,” అంటూ ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

కత్తెరమ్మ కూడా నవ్వింది. అవతలి ఒడ్డు మనుషుల గురించి విని తను నవ్వడం అదే మొదటిసారని కాసేపటికి గుర్తొచ్చి, గబుక్కున నోరు మూసుకుంది.

నాలుగో నెలలో ఆ నవ్వులు ఆగిపోయాయి. ఎందుకమ్మ మూడు రోజులు వచ్చీ రాగానే మేడమీదికి వెళ్లిపోయింది. నాలుగో రోజు పొద్దున తల్లితో, “ఇంటర్న్‌షిప్ మానేస్తున్నాను,” అంది.

గదిలోంచి తండ్రి చెవిన ఆ మాట పడింది. నాలుగు నెలల తర్వాత నేరుగా కూతురితో మాట్లాడాడు. “మంచి పని చేస్తున్నావమ్మా. నేను ముందే చెప్పానుగా.”

ఆ పిల్ల ఆయన మొహంకేసి చూసిన చూపు కత్తెరమ్మ చూసింది. అందులో కోపం లేదు. దెబ్బ తగిలినవాళ్లు చూసే చూపు అది. కత్తెరమ్మ మిషను ఆపి, మేనకోడలి వెనకే మేడెక్కి, తలుపు గడియ వేసింది.

“ఇప్పుడు చెప్పు.”

“ఏం లేదత్తా. విసుగొచ్చింది.”

“నాలుగు నెలల్లో నీకు విసుగొచ్చిందంటే నమ్మడానికి నేనేమన్నా మీ మేడంనా? ఎవరేమన్నారు?”

“మేడం ఒక వరుస తీసెయ్యమంది. మన పట్టికలోంచి. ‘రాయబారంలో మొదటి పాఠం ఇది, మన తప్పు మనం బల్ల మీద పెట్టం’ అంది.”

“నువ్వేమన్నావు?”

“సైన్స్‌లో మొదటి పాఠం వరుసలు తీసెయ్యకూడదని చెప్పాను. తియ్యకపోతే ఇంటికి పొమ్మంది. పోతానన్నాను.” ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుంది. “ఆవిడకి భయపడి కాదత్తా. ఆ వరుస ఉంచలేను, తియ్యలేను.”

“ఏముంది అందులో?”

 ఎందుకమ్మ సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి అత్త చేతిలో పెట్టింది. అవతలి దేశం రికార్డు గదిలో దొరికింది అది. కత్తెరమ్మకి తెలిసిన తేదీ. ఆ తేదీని ఆమె పద్దెనిమిదేళ్లుగా మోస్తోంది. కింద ఫ్యాక్సు సందేశం: ‘మధ్యాహ్నం పన్నెండుకు గేట్లు ఎత్తుతున్నాం. నదిలో పడవలు ఆపండి.’ దాని కింద ఇవతలి ఆఫీసు జవాబు. ‘అందింది. ఉదయం 6.20.’ పక్కనే సంతకం.

ఆ సంతకం ఆమెకు తెలుసు. మిషను కొన్న రసీదు మీద ఉంది. గ్యాసు పుస్తకం మీద ఉంది. చిన్నప్పుడు నాన్నకి తెలియకుండా ఆమె మార్కుల కాగితం మీద పెట్టింది కూడా ఆ చెయ్యే.

“వాళ్లు చెప్పారత్తా,” అంది ఎందుకమ్మ ఏడుస్తూ. “నువ్వు విని రమ్మన్నావుగా. వాళ్లు చెప్పారు.”

* * *

కత్తెరమ్మ మెట్లు దిగింది. అన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని, చాలా రోజులకి నిమ్మళంగా టీ తాగుతున్నాడు. ఆమె కాగితం ఆయన ముందు పెట్టి ఎదురు కుర్చీలో కూర్చుంది.

ఆయన దాన్ని చదవలేదు. చదవక్కర్లేకపోయింది. కప్పు కింద పెట్టబోతే సాసర్‌కి తగలకుండా బల్ల అంచున పడి పగిలింది.

“ఎన్నింటికొచ్చింది?” అంది ఆమె.

“ఆరుంపావు దాటాక.”

“తర్వాత?”

“పెద్దాఫీసరు ఇంటికి పరిగెత్తాను. ‘నిరుడు రెండుసార్లు ఇలాగే బెదిరించారు, చుక్క నీరు రాలేదు. వాళ్ల మాట నమ్మి సైరన్ మోగిస్తే మన పరువు పోతుంది. మన స్కేలు మీద నీళ్లు పెరిగాక చూద్దాం. ఈలోగా బయటికి పొక్కిందో, నీ ఉద్యోగం ఉండదు’ అన్నాడు.”

“నువ్వేం చేశావు?”

“కూర్చున్నాను.”

“ఎక్కడ?”

“నా కుర్చీలో. గంటగంటకీ స్కేలు చూసొచ్చి కూర్చున్నాను. ఈసారీ రావనే అనుకున్నాను చెల్లీ. రాకూడదని...”

“లాంచీ పదకొండున్నరకి కదిలింది. మీ ఆఫీసు నుంచి రేవుకి ఎంత దూరం?”

“పది నిమిషాలు.”

“నడిస్తేనా? పరిగెత్తితేనా?”

 “నడిస్తే.”

వంటింటి గుమ్మంలో వదిన అట్లాగే నిలబడిపోయింది. “నాకు కూడా చెప్పలేదే,” అంది మెల్లగా. “పక్కనే పడుకునే మనిషిని. పద్దెనిమిదేళ్లు.”

“విచారణలో హెచ్చరిక రాలేదని రాయించారు,” అన్నాడాయన. “మన రిజిస్టర్లో కాగితం చింపేశారు. నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఆ ఆఫీసరూ పోయాడు. ఇక ఎవరికీ తెలీదనుకున్నాను. క్షమించమ్మా. నిన్ను కళ్లలో పెట్టుకుని చూసుకున్నాను, అది మాత్రం...”

“ఈ ఇంట్లో తిన్న ప్రతి ముద్దకీ నీకు దణ్ణం పెట్టుకున్నాను అన్నయ్యా. దయ అనుకుని తిన్నాను.”

“అది ప్రేమే చెల్లీ. అది అబద్ధం కాదు.”

“కాదులే. ప్రేమొక్కటే నిజం. మిగతాదంతా అబద్ధం.” ఆమె గొంతు పెరగలేదు. “క్షమాపణ నాకొద్దు. లాంచీలో ఏడుగురున్నారు. ఏడిళ్లున్నాయి. వచ్చే గురువారం ఆ సంఘంలో ఒడ్డువాళ్ల మాట వింటారట. అక్కడికొచ్చి అందరి ముందూ చెప్పు.”

“పెన్షన్ ఆపేస్తారు. అవతలివాళ్ల ముందు మన దేశం పరువు...”

“పరువుకి ఈత రాదన్నయ్యా! దాన్ని నమ్ముకునే ఏడుగురూ మునిగారు.”

ఆమె లేచింది. మెట్ల మీద నిలబడి వింటున్న మేనకోడలితో, “ఆ వరుస ఉంచు,” అంది. “మీ మేడం నిన్ను పొమ్మంటే అప్పుడు చూద్దాం. ముందైతే ఆఫీసుకి నడు, టైమవుతోంది.”

ఎందుకమ్మ కదలలేదు. తండ్రికేసి చూసింది. “నాన్నా...”

ఆయన తలెత్తలేదు. కానీ కూతురు గుమ్మం దాటుతుంటే ఆపనూ లేదు.

మిగిలిన ఆరు రోజులూ కత్తెరమ్మ చొక్కాలు కుట్టింది. కాళ్లు ఆగితే ఏడుపొస్తుందని తెలిసి మిషను ఆపలేదు. అన్న గుమ్మం దాకా వచ్చి నిలబడి, తిరిగి వెళ్లిపోయేవాడు. వదిన ఇద్దరికీ వేరువేరుగా టీ పెట్టింది. ఇద్దరినీ ఒక్కసారి కంటే ఎక్కువ పిలవలేదు.

* * *

గురువారం సంఘం హాలు నిండిపోయింది. పొడవాటి బల్లకి ఒకపక్క ఇవతలివాళ్లు, మరోపక్క అవతలివాళ్లు. గోడవారన ఎనిమిదిమంది ఇంటర్న్‌లు. వెనక కుర్చీల్లో రేవు మనుషులు, పడవలవాళ్లు, ఆ ఏడిళ్లలో నాలుగిళ్లవాళ్లు. ఎందుకమ్మ అందరి ముందూ పట్టిక తెర మీద పెట్టింది. వరుసలన్నీ ఉన్నాయి. ఒక్కటీ తియ్యలేదు. మేడం మొహం గంటు పెట్టుకుంది.

మాట్లాడేవాళ్లని పిలిచినప్పుడు కత్తెరమ్మ లేచింది. మైకుని తన ఎత్తుకి దించుకుంది.  ఆమె ఒక్కొక్క మాటా అంటుంటే పొడుగాటి కుర్రాడు అవతలివాళ్ల భాషలోకి మార్చి చెప్పాడు.

“నేను సరంగు పెళ్లాన్ని. పద్దెనిమిదేళ్లు మిమ్మల్ని తిట్టాను. లేచి తిట్టాను, పడుకుని తిట్టాను. మీరు చెప్పారని మొన్నే తెలిసింది. మీ మాట మా ఒడ్డు దాకా వచ్చింది, మా గడప దాకా రాలేదు. కాబట్టి ఆ తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను.” ఆగి ఊపిరి పీల్చుకుంది. “అన్నీ తీసుకోను. ‘అందింది’ అన్న కాగితం చేరగానే మీ పని అయిపోయిందనుకున్నారు. పడవలు ఆగాయా అని ఒక్కరు అడిగారా? ఆ ఒక్క తిట్టూ మీ దగ్గరే ఉంచుకోండి.”

కుర్రాడు ఆ చివరి మాట దగ్గర ఒక్క క్షణం తడబడి, తలదించుకుని దాన్నీ చెప్పేశాడు. అవతలి వరుసలో ఒక ముసలాయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

మేడం గొంతు సవరించుకుంది. “అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ కాగితం మీద సంతకం ఎవరిదో ఇంకా నిర్ధారణ కాలేదు. అది నకిలీ కావచ్చు...”

“నకిలీ కాదు. ఆ సంతకం నాది.”

వెనక తలుపు దగ్గర కత్తెరమ్మ అన్న నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. పక్కన వదిన ఆయన మోచెయ్యి పట్టుకుని ఉంది.

ఆయన మైకు దాకా నడిచొచ్చి మొత్తం చెప్పాడు. ఆఫీసరు మాట, కుర్చీ, స్కేలు, చింపిన కాగితం, పది నిమిషాల దూరం. ఆఫీసరు మీదికి నెట్టబోయి, మధ్యలో ఆగి, “ఆయన ఆపాడు నిజమే. నాకు కాళ్లున్నాయి,” అన్నాడు. ఆ మాట దగ్గర ఆయన మొదటిసారి ఏడ్చాడు.

ఏడుగురిలో ఒకరి తల్లి లేచి వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది. గుండెల మీద గుద్దింది. కత్తెరమ్మ అడ్డుపడలేదు. అన్న పక్కకి వెళ్లి నిలబడింది, అంతే. గుద్దులన్నీ అయిపోయి ఆ ముసలమ్మ కూలబడబోతే, ఒక చెయ్యి ఆయనా ఒక చెయ్యి ఆమే పట్టుకున్నారు.

* * *

విచారణ ఇంకా నడుస్తోంది. పెన్షన్‌లో సగం ఆగింది. వీధిలో కొందరు ఆయన్ని పలకరించడం మానేశారు. ఎందుకమ్మని మేడం పొమ్మనలేకపోయింది. పట్టిక అప్పటికే రెండు దేశాల పేపర్లలో వచ్చేసింది. ఇంటర్న్‌లు ఎనిమిదిమందీ కలిసి ఒక కాగితం రాశారు: హెచ్చరిక ఇక ఏ ఆఫీసు బల్ల మీదా ఆగకూడదు, ఎవరి సంతకం కోసమూ చూడకూడదు. ఆనకట్ట దగ్గర బటను నొక్కగానే ఇవతలి రేవుల్లో సైరన్లు వాటంతటవే మోగాలి. అవి మోగాయా అని అవతలివాళ్లు అడిగి తెలుసుకోవాలి. ఆ రెండో మాట కత్తెరమ్మ తిట్టులోంచి వచ్చిందని ఆ పిల్ల చెప్పింది. రెండు ఒడ్లూ కిందామీదా పడి, ఎనిమిది నెలలకి దాన్ని ఒప్పుకున్నాయి.

మొదటిసారి సైరన్ పరీక్షించిన రోజు పొద్దున కత్తెరమ్మ రేవుకి వెళ్లింది. పక్కన అన్న, నాలుగడుగుల దూరంలో. ఇంట్లో ఆమె ఆయనకి కూర వడ్డిస్తోంది, ఫోనొస్తే పిలుస్తోంది. మాట మాత్రం కలపలేదు. పరీక్ష చూడటానికి పిలిస్తే వెళ్లిన మేనకోడలు అవతలి ఆనకట్ట దగ్గర నుంచి ఫోనులో అంది: “అత్తా, నొక్కుతున్నారు. ఇప్పుడే.”

కత్తెరమ్మ ఊపిరి బిగబట్టేలోపే రేవు స్తంభం మీది సైరన్ అరిచింది. దాని వెనక ఇంకో రేవుది, దాని వెనక ఇంకోటి. పడవల్లో వాళ్లు తలలు తిప్పి ఒడ్డుకి తెడ్లు వేశారు. ఒక లాంచీ నది నడుమ నుంచి వెనక్కి తిరిగింది. దాని సరంగు ఎవరో కుర్రాడు, ఆమె ఎరగదు. వాడు తాపీగా వచ్చి, తాడు విసిరి, లాంచీ కట్టేసి, మెట్లెక్కి ఇంటివైపు నడుచుకుంటూ పోయాడు.

అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. ఆనాడు భర్త శవం దొరికిన రోజున రానిది, కాగితం చూసిన రోజున రానిది. మెట్టు మీద కూలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంత చిన్న పని. ఒక మనిషి ఇంటికి రావడానికి ఇంతే చాలు.

అన్న రెండు మెట్ల కింద కూర్చున్నాడు. సైరన్ ఆగేదాకా ఆగాడు.

“చెల్లీ, ఇక నాతో ఎప్పటికీ మాట్లాడవా?”

ఆమె మొహం తుడుచుకుంది. ఫోనులో ఎందుకమ్మ “మోగిందా అత్తా? మోగిందా?” అని అరుస్తూనే ఉంది. “మోగిందే, మోగింది,” అని చెప్పి అన్నకేసి తిరిగింది.

“మాట్లాడతాను. కోపంగానే మాట్లాడతాను.”

“అలాగే మాట్లాడమ్మా.”

“ఇంకా ఎన్నేళ్లు పడుతుందో తెలీదు.”

“ఎన్నేళ్లయినా.”

“అయితే లే. వదిన టీ పెట్టి ఉంటుంది,” అంటూ ఆమె లేచి, చెయ్యి అందించకుండానే, ఆయన లేచేదాకా నిలబడింది.